పడకగది కిటికీ

జూన్ 2

ఈ పుస్తకం ఇవాళ మొదలుపెట్టడానికి కారణం, లాయరు నన్ను ఇంకో పుస్తకం రాయమనడం. అందులో తేదీ, శబ్దం మొదలైన వేళ, ఆగిన వేళ, దానివల్ల ఇంట్లో ఎవరికి ఏం ఇబ్బంది కలిగిందీ రాయాలట. ప్లానింగ్ ఆఫీసు విచారణలో దాన్ని సాక్ష్యంగా పెడతాడట. "ఉన్నది ఉన్నట్టే రాయండమ్మా. కానీ ఉన్నదంతా రాయకండి" అన్నాడు. ముప్పయ్యేళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసినదాన్ని. ఉన్నదంతా ఎక్కడో ఒకచోట రాయకపోతే నాకు తిన్నది ఒంటబట్టదు. అందుకని, అందులో రాయనివి ఇందులో.

మా అపార్టుమెంటు వెనక ఖాళీ స్థలం ప్లానులో కార్ల పార్కింగ్ అని ఉంది. ఫిబ్రవరిలో దాని చుట్టూ ఆకుపచ్చ కంచె లేచింది. మార్చిలో స్తంభాలకు పెద్ద దీపాలు వచ్చాయి. ఏప్రిల్ నుంచి నాలుగు కోర్టుల్లో పికిల్‌బాల్ ఆడుతున్నారు. గట్టి అట్టలాంటి బ్యాటుతో చిల్లుల ప్లాస్టిక్ బంతిని కొట్టే ఆట. సాయంత్రం ఆరు నుంచి పది దాకా. అన్నీ కట్టేసి, ఆడటం మొదలయ్యాక, ఇప్పుడు ఆ స్థలం వాడుక మార్చుకోవడానికి అనుమతి అడుగుతున్నారు. పెళ్ళయ్యాక పిల్లను చూడటానికి వచ్చినట్టుంది.

అభ్యంతరాలుంటే చెప్పుకోమని గేటుకు నోటీసు అంటించారు. పై అంతస్తు డ్రిల్లు మాస్టారు మా అసోసియేషన్ పెద్ద. సంతకాలన్నీ పోగుచేసి మొదటి పేరు నాది పెట్టాడు. "మీ కళ్ళజోడు చూస్తేనే ఆ ఆఫీసరు కుర్చీలోంచి లేస్తాడండి" అన్నాడు.

అసలు కారణం కళ్ళజోడు కాదు. ఆ కంచెకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కిటికీ మాది. ఆయన గది కిటికీ.

జూన్ 4

"శబ్దం మిమ్మల్ని ఎలా బాధిస్తోంది?" అనేది లాయరు ఇచ్చిన మొదటి ప్రశ్న.

అక్కడ రాసినది: మనవరాలికి చదువు సాగడం లేదు. టీవీలో వార్తలు వినపడవు. నాకు తలనొప్పి.

రాయనిది: ఆయనకు పక్షవాతం వచ్చాక మాట పడిపోయింది. చేతికర్ర పిడితో మంచం పట్టెమీద కొట్టి పిలిచేవారు. ఒక దెబ్బ కొడితే ఎవరైనా రమ్మని. రెండు కొడితే మంచినీళ్ళు. నాలుగేళ్ళు మా సంసారం ఆ భాషలోనే నడిచింది. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య కొంచెం ఆగేవారు, చెయ్యి మళ్ళీ పైకెత్తడానికి పట్టేంత. ఆయన పోయింది ఆసుపత్రిలో. రెండేళ్ళు దాటింది.

ఇక్కడివాడు బంతిని కొడితే ఒక దెబ్బ. అటువాడు తిరిగి కొడితే రెండోది. మధ్యలో సరిగ్గా అంతే ఆగుతుంది.

జూన్ 7

కోర్టుల యజమాని వచ్చాడు. మర్యాదస్తుడే, చెప్పులు బయటే విడిచాడు. మా ఇంట్లోవాళ్ళందరికీ సభ్యత్వం ఉచితమట.

"మీరూ రండమ్మా. పెద్దవాళ్ళకి తేలికైన ఆట. మోకాళ్ళకి మంచిది."

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి నాయనా. చెవులకి మంచిదేమైనా ఉందా?"

నవ్వాడు. నవ్వినంత మాత్రాన నెమ్మదస్తుడనుకోకూడదు. వెళ్ళేటప్పుడు హాల్లో గోడవారగా మడిచి ఉన్న పిచ్చుక మంచం వైపు ఒకసారి చూసి, మూసి ఉన్న ఆయన గది తలుపు వైపు ఒకసారి చూశాడు. పిచ్చుక నా మనవరాలు. నోరు ఊరుకోదు కాబట్టి ఆ పేరు.

స్టీలు గ్లాసులు ఆరు ఉండాలి, ఐదే ఉన్నాయి. పిచ్చుకను అడిగితే, "నేను సీసాతో తాగుతాను నానమ్మా, నా మీద పెట్టకు" అంది. ఎదురుచెప్పడం ఎక్కువైంది.

సాయంత్రం ఆయన గదిలోకి ఒకసారి వెళ్ళాను, కిటికీ గడియ పడిందో లేదో చూడటానికి.

జూన్ 8

గడియ సరిగ్గానే ఉంది. ఇవాళ కూడా చూశాను.

జూన్ 11

శబ్దం కొలిచే అమ్మాయి వచ్చింది. ఇంజనీరు. పాతికేళ్ళు కూడా ఉండవు, భుజాన తనకన్నా బరువైన పెట్టె. మూడు కాళ్ళ స్టాండు మీద మీటరు బిగించి, ఆయన గదిలో కిటికీ పక్కన నిలబెట్టింది. లెక్క ఎలా వేస్తారో చెప్పమన్నాను. ఓపిగ్గా చెప్పింది.

ఆట ఉన్న సాయంత్రం ఒకసారి కొలవాలి. ఆట లేని సాయంత్రం అదే వేళకు, అదే చోట ఇంకోసారి కొలవాలి. రెండోదాన్ని మొదటిదాంట్లోంచి తీసేస్తే మిగిలేది కోర్టుల వాటా. మీటరు శబ్దాన్ని రికార్డు కూడా చేస్తుంది, ఏది బంతో ఏది కారు హారనో తరవాత విని తేల్చడానికి.

"బయట రోడ్డు మోత ఎటూ ఉండేదే కదా, కొత్తగా మేం చేసిందేముంది అని వాళ్ళు వాదిస్తారు బామ్మగారూ. అందుకే ఆట లేని రోజు కొలత ముఖ్యం."

ప్రారంభపు నిల్వ తెలియకుండా ఖర్చు తేల్చలేం. ఈ పిల్లకు పని తెలుసు. ఆంటీ అని పిలవనందుకు కూడా మార్కులు వేశాను.

ఫారం నింపుతూ అడిగింది: "ఇది పడకగదే కదండీ?"

"మంచం కనపడటం లేదూ" అన్నాను.

రాసుకుంది.

జూన్ 12

గ్లాసు దొరికింది. ఎక్కడ అనేది ముఖ్యం కాదు. కడిగి లోపల పెట్టాను.

జూన్ 14

అబ్బాయి క్యాంపు నుంచి ఫోను చేశాడు. "కేసు ఎందుకమ్మా ఈ వయసులో, రాజీ పడిపోరాదా, వాళ్ళు తొమ్మిదికి ఆపుతామంటున్నారట" అన్నాడు. ఎనిమిదికి ఆపితే ఆలోచిస్తానన్నాను. ఎనిమిదే ఎందుకని అడిగాడు. ఆయనకు మందులిచ్చే వేళ ఎనిమిదిన్నర. ఆ తరవాత నీళ్ళకోసం పిలవడం ఎక్కువగా ఉండేది. వాడికి ఇది గుర్తు లేదు. గుర్తు చేయలేదు.

గ్లాసులు మళ్ళీ ఐదు.

జూన్ 17

కోర్టులకు ఇవాళ సెలవు, నేలకు కొత్త రంగు వేస్తున్నారు. ఆట లేని కొలతకు ఇదే రోజు. అమ్మాయి అయిదున్నరకు వచ్చి మీటరు పెట్టి, తలుపు మూసి, దాని మీద కాగితం అంటించింది: లోపలికి రావద్దు. పది దాకా ఎవరూ ఆ గది జోలికి పోవద్దని పిచ్చుకకు రెండుసార్లు, నాకు ఒకసారి చెప్పింది. నాకు ఎందుకు చెప్పిందో తెలియదు.

కోడలు మందుల షాపులో పని ముగించుకుని వచ్చి కాళ్ళు నేలకు తగలనట్టు నడిచింది. పిచ్చుక సైగలతో అన్నం అడిగింది. ఇల్లంతా పరీక్ష హాలులా ఉంది.

ఏడు దాటాక వినిపించింది. టక్. కొంచెం ఆగి, టక్. రంగు తడిగా ఉండగా ఎవరో గేటు తాళం తీసుకుని ఆడుతున్నారు. ఎంత పొగరు. రేపు మాస్టారితో చెప్పాలి.

కొలత సక్రమంగా జరిగింది. ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేదు.

జూన్ 18

మాస్టారు వాచ్‌మన్‌ను కనుక్కున్నాడు. నిన్న ఎవరూ ఆడలేదట. వాచ్‌మన్ వాళ్ళ మనిషి, అలాగే చెప్తాడు.

జూన్ 20

ఇది పూర్తిగా రాయాలి.

కొలతల అమ్మాయి మధ్యాహ్నం వచ్చింది. కోడలికి షాపు సెలవు, ఇంట్లోనే ఉంది. అమ్మాయి కూర్చోలేదు. "మీతో ఒక్కరితో మాట్లాడాలి బామ్మగారూ" అంది. నా ఇంట్లో నా కోడలికి తెలియకూడనిది ఏమీ లేదన్నాను. సంచిలోంచి చెవులకు పెట్టుకునేవి తీసి నా చెవులకు తగిలించింది.

మొదట చాలాసేపు ఏమీ లేదు. దూరంగా బస్సు. కుక్క. తరవాత తలుపు కిర్రుమంది. చెప్పుల చప్పుడు. స్టూలు మీద గ్లాసు పెట్టిన చప్పుడు. తరవాత ఒక ముసలిదాని గొంతు: "వస్తున్నా, వస్తున్నా. ఎన్నిసార్లు కొడతారు? ఇవిగో."

ఆ గొంతు విసుగ్గా లేదు. అది నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

"దీనికి ముందు చప్పుడేదైనా ఉందా?" అని అడిగాను. "దెబ్బలాంటిది?"

"లేదండీ. నేను మూడుసార్లు విన్నాను. మీటరు గీసిన గీతలో కూడా ఏమీ లేదు."

మూడు రోజుల కిందటి నా రాత తీసి చదివాను. ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేదు. నా దస్తూరీయే, అక్షరాలు కూడా వంకరపోలేదు. ఎంతమంది గుమాస్తాలను నిలబెట్టి అడిగాను, జరగనిది జరిగినట్టు రాసేటప్పుడు చెయ్యి వణకలేదా అని. వణకదు. ఇవాళ తెలిసింది.

అమ్మాయి మెల్లగా చెప్పింది, "మీరు లోపలికి రాకముందు గంటకు పైగా మంచి రికార్డింగు ఉంది, లెక్కకు అది చాలు. తరవాతి భాగం తీసేస్తాను. కారణం దగ్గర 'ఇంట్లో అలికిడి' అని రాస్తాను."

"మొత్తం రికార్డింగు అవతలివాళ్ళకి ఇవ్వాలి కదా?"

"ఇవ్వాలండీ."

"అయితే ఎవరి అలికిడో కూడా రాయి. వాళ్ళు అడిగాక చెప్పడం కన్నా మనం రాసి ఇవ్వడం మేలు. ఇంకొకటి. ఆ గదిలో ఎవరూ నిద్రపోవడం లేదు."

కలం ఆగింది. "ఫారంలో పడకగది అని రాశాం కదండీ?"

"మంచం ఉందన్నాను."

"మనిషి?"

ఆయన పోయి రెండేళ్ళు దాటిందని కోడలు చెప్పింది.

ఇంట్లోవాళ్ళు రోజూ నిద్రపోయే గది అయితేనే ఆ కిటికీ దగ్గర కొలత చెల్లుతుందట. మా హాలుకు అటువైపు కిటికీ లేదు. ఇక ఆ పక్క మిగతా ఇళ్ళవన్నీ వంటగదులే. అంటే విచారణ నాటికి ఆ గదిలో ఎవరూ నిద్రపోకపోతే, నా ఒక్కదాని అభ్యంతరమే కాదు, సంతకాలు పెట్టిన అందరిదీ పోతుంది.

జూన్ 21

ఉదయం వంటింట్లో కోడలు నెమ్మదిగా మొదలుపెట్టింది.

"పిచ్చుకని ఆ గదిలో పడుకోబెడదాం అత్తయ్యా."

"విచారణ ఉందని మంచం మార్చడం దొంగ వోచరు."

"విచారణకని కాదు. అది హాల్లో మడతమంచం మీద పడుకోబట్టి రెండేళ్ళు. మీ అబ్బాయి చేత అడిగించాను, మీరు వినలేదు. నేను అడిగాను, మీరు కళ్ళజోడు తుడుచుకున్నారు. పదో తరగతి పిల్లకి తలుపున్న గది కావాలని మీకు తెలీదా?"

కళ్ళజోడు తుడుచుకోబోయి మానేశాను.

"మరి ఆయన..." అన్నాను.

కోడలు స్టవ్ తగ్గించింది. "గ్లాసు రోజూ పొద్దున్నే తెచ్చి కడుగుతున్నది నేనే అత్తయ్యా. మొన్న పన్నెండో తారీఖు ఒక్కరోజే మీ కంటపడింది. ఎప్పుడూ నిండుగానే ఉంటుంది."

ఇద్దరం ఒకే వంటింట్లో రెండు లెక్కలు నడిపాం. కోడలి లెక్కే సరైనది.

జూన్ 23

గది ఖాళీ చేశాం. ఆయన చొక్కాలు, మందుల డబ్బా, దుప్పటి. మంచం ఉంచమంది పిచ్చుక. "తాతయ్య మంచం నాకు నచ్చింది. ఇంత వెడల్పు ఎక్కడ దొరుకుతుంది?" పట్టె మీద కర్ర పిడి తగిలి తగిలి పడిన గుంట ఉంది, బొటనవేలు పట్టేంత. పాలిష్ పెట్టిస్తానన్నాడు ఫోనులో అబ్బాయి. వద్దన్నాను.

చేతికర్ర నా గదిలో తలుపు మూల పెట్టాను.

రాత్రి పిచ్చుక ఆ గదిలో తలుపేసుకుని ఫోనులో ఎవరితోనో చాలాసేపు నవ్వింది. కోప్పడలేదు.

జూలై 4

విచారణ. పొడుగాటి గది, పైన ఫ్యాను గిర్రుమంటోంది. ఆఫీసరు కుర్చీలోంచి లేవలేదు. మాస్టారి జోస్యం తప్పింది.

అవతలి లాయరు అన్నీ చదువుకునే వచ్చాడు.

"అమ్మా, ఆ గదిలో ఇప్పుడు ఎవరు పడుకుంటున్నారు?"

"నా మనవరాలు."

"ఎప్పటినుంచి?"

"జూన్ ఇరవై మూడు నుంచి."

"అంటే ఈ కేసు కోసం పడుకోబెట్టారన్నమాట."

"కేసు వల్ల. అంతకు ముందే పెట్టాల్సింది. రెండేళ్ళు ఆలస్యం చేసింది నేను. ఆ పిల్ల తప్పు లేదు."

వెనక కోడలు దగ్గింది. లాయరు కాగితం తిప్పాడు. నా మాటలు చదివాడు. వస్తున్నా, వస్తున్నా, ఎన్నిసార్లు కొడతారు, ఇవిగో. రేషను కార్డు మీద పేర్లు చదివినట్టు చదివాడు.

"ఇది మీ గొంతేనా?"

"నాదే."

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మా ఆయనతో."

"ఆయన ఎక్కడున్నారు?"

"పోయారు."

"ఆ రోజు కోర్టులు మూసి ఉన్నాయి. అయినా మీకు చప్పుడు వినిపించింది. అంటే లేని శబ్దాలు మీకు వినిపిస్తాయి. అవునా కాదా?"

మా లాయరు లేవబోయాడు. నేను చేత్తో ఆపాను.

"అవును, వినిపిస్తాయి. అందుకే ఈ విషయంలో నా చెవిని నమ్మొద్దనే చెప్తున్నాను. మీటరు ఏం చెప్పిందో అది చూడండి. మీటరుకి ఎవరూ పోలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు కొలతల అమ్మాయిని పిలిచి ఏవో అంకెలు అడిగాడు. కోర్టుల యజమాని నేల చూపులు చూస్తున్నాడు. బయటికి వచ్చాక దగ్గరికి వచ్చి, "మా అమ్మ కూడా ఇలాగే అమ్మా, మా నాన్నగారి కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వదు" అన్నాడు. "ఎండలో నిలబడకు నాయనా" అన్నాను.

ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఒకటే ఆలోచించాను. గెలిస్తే చప్పుడు ఆగిపోతుంది. ఆగిపోవాలని కదా ఇంత చేశాను.

జూలై 15

తీర్పు కాగితం వచ్చింది. అనుమతి ఇచ్చారు, షరతులతో. రాత్రి ఎనిమిదికి కోర్టులు మూసేయాలి. మా వైపు కంచెకు చప్పుడు పీల్చే పలకలు నెలలోపు బిగించాలి. మాస్టారు మిఠాయి పెట్టె పట్టుకొచ్చి, "సగం గెలుపమ్మా" అన్నాడు. నాకు కావలసిన సగమే వచ్చింది.

ఇవాళ్టి నుంచే అమలు. ఎనిమిదికి దీపాలు ఒక్కసారిగా ఆరాయి. వంటింటి కిటికీ అవతల నలుపు తప్ప ఏమీ లేదు. చాలా రోజుల తరవాత గోడగడియారం నడక వినిపించింది. పిచ్చుక పుస్తకం ముందేసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కోడలు, "హమ్మయ్య, ఎంత హాయిగా ఉంది అత్తయ్యా" అంది. ఉంది అన్నాను.

కూర్చున్నాను.

ఎనిమిదిన్నర దాటాక, టక్. కొంచెం ఆగి, టక్.

కోడలి ముఖం చూశాను. బట్టలు మడతపెడుతోంది, చెయ్యి ఆగలేదు. కొలతల అమ్మాయి చెప్పింది గుర్తుచేసుకున్నాను. గీతలో ఏమీ లేదు. తెలుసు. అన్నీ తెలిసే లేచాను. గ్లాసులో నీళ్ళు పోశాను. కోడలు చూసింది. ఈసారి దొంగతనంగా కాదు, ఇద్దరం చూస్తుండగానే తీసుకెళ్ళాను.

పిచ్చుక మంచం మీద బోర్లా పడుకుని లెక్కలు చేస్తోంది. తల ఎత్తకుండానే, "అక్కడ పెట్టు నానమ్మా" అంది.

పెట్టి వచ్చేశాను.

జూలై 16

పొద్దున్నే కోడలికన్నా ముందు లేచి వెళ్ళాను. గ్లాసు ఖాళీగా ఉంది.

రెండేళ్ళలో మొదటిసారి.

పిచ్చుక మంచం కింద సీసా కూడా ఉంది, సగం నీళ్ళతో. పిల్ల గాఢనిద్రలో ఉంది, ఒక చెయ్యి కిందికి వేలాడుతూ, వేళ్ళు పట్టెమీది గుంటకు దగ్గరగా.

లాయరు రాయమన్న పుస్తకం ఇవాళ మూసేశాను. దీన్నీ మూసేస్తాను. ఇక జరగవలసినవి:

1. కంచెకు పలకలు ఆగస్టు పదిహేనులోగా బిగించారో లేదో మాస్టారితో కలిసి స్వయంగా వెళ్ళి చూడాలి. వాచ్‌మన్ మాట చాలదు.

2. పిచ్చుక మంచం పక్కకు చదువుకునే దీపం కొనాలి. ఆ స్టూలు తీసేయకూడదు.

3. గ్లాసు కడిగే పని కోడలిది కాదు. ఇకనుంచి నాదే.

4. గ్లాసు ఎలా ఖాళీ అయిందో పిచ్చుకను అడగకూడదు. కోడలిని కూడా అడగనివ్వకూడదు.

5. ఎనిమిదికి ముందు వినిపించేది కోర్టుల చప్పుడు. షరతు తప్పితే వెంటనే ఆఫీసుకు రాయాలి. ఎనిమిది తరవాత వినిపించేది కోర్టులది కాదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.